మార్తమ్మ గారి వంతుల్లో వేలు పెట్టి

చదువుకున్న మనిషి చేతికి మైకు ఇస్తే ఎంత అఘాయిత్యం చేయగలదో నన్ను చూసి తెలుసుకోవచ్చు. ఒకే ఒక్క పావుగంట మాట్లాడి, కలిసిమెలిసి ఉన్న ముగ్గురు అన్నదమ్ములకు మాటలు లేకుండా చేశాను. కుదురుగా ఉన్న ఒక కాపురంలో చిచ్చు పెట్టాను. ఒక పెద్దావిడ నోటికాడి కొర్రమీను పులుసు లాగేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. చివరికి ఆ మంట మా వంటింటి దాకా వచ్చింది. ఇన్ని చేసినందుకు ఆ రోజు నాకు శాలువా కప్పి, చప్పట్లు కొట్టారు కూడానండీ.

నా చదువు సమాజశాస్త్రం. అందులో నేను ఎంచుకున్న అంశం వృద్ధాప్యం, ఇంట్లో పెద్దవాళ్ళను ఎవరు ఎలా చూసుకుంటారు అన్నది. ఇప్పుడంటే ఏలూరులో ముసలితనం మీద సభ ఏదైనా జరిగితే నాకూ ఒక కుర్చీ వేస్తున్నారు గానీ, ఈ కథ జరిగేనాటికి నేను పీహెచ్‌డీ మధ్యలో ఉన్నాను. పీహెచ్‌డీ మధ్యలో ఉన్న మనిషికి లోకమంతా తప్పుగానే కనిపిస్తుంది, దిద్దడానికి తానొక్కతే పుట్టినట్టు ఉంటుంది. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే కుటుంబం. అత్తవారిది ఏలూరులో స్టీలు సామాన్ల కొట్టు. ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు.

నా పరిశోధన సంగతి మొదటిసారి చెప్పినప్పుడు అత్తయ్య గారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ముసలివాళ్ళ మీద చదువా? అదేం చదువమ్మా?"

"వాళ్ళను ఇంట్లోవాళ్ళు ఎలా చూసుకుంటున్నారో పరిశీలించాలండీ."

"ఇంట్లోనే ఒకదాన్ని ఉన్నాను కదా. దానికి ఎండల్లో పడి కొల్లేరు దాకా వెళ్ళడం దేనికి?"

"మీకు లోటేముందండీ? మీరు సుఖంగా ఉన్నారు కదా. లోటున్నవాళ్ళను వెతకాలి."

ఆవిడ నన్ను ఒకసారి చూసి, "సరే, వెతుకు. కూర స్టవ్వు మీద పెట్టి వెళ్ళు" అన్నారు. పెట్టడం మర్చిపోయాను లెండి. ఆవిడే పెట్టుకున్నారు.

అలా స్కూటీ వేసుకుని వెతుక్కుంటూ వెళ్ళగా వెళ్ళగా, పెదపాడు దాటి కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మధ్య ఒక ఊరు తగిలింది. ఊళ్ళో చాలామంది క్రైస్తవులు. తాతల నాటి పెద్ద చర్చి ఉంది. నేను వెళ్ళింది నెలలో మొదటి ఆదివారం. దాన్ని వాళ్ళు బల్ల ఆదివారం అంటారు. ఆ రోజు ప్రభు భోజనం తీసుకోవడానికి వేరే ఊళ్ళలో ఉంటున్నవాళ్ళు కూడా సొంత చర్చికి వచ్చేస్తారు. ఆరాధన అయ్యాక జనమంతా చెట్ల కింద నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. అప్పుడు కనిపించింది ఆ దృశ్యం.

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. తెల్ల చీర, చంకలో బైబిలు. ఒక మోటారు సైకిల్ దగ్గర నిలబడింది. బండి మనిషి ఒక సంచి, ఒక దిండు, మందుల డబ్బా తెచ్చి ఇంకో బండి మనిషికి అందించాడు. ఆ రెండో మనిషి సంచిని ముందు పెట్టుకున్నాడు, పెద్దావిడ వెనక ఎక్కింది, బండి గట్టు మీద దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

"ఏంటండీ అది?" అని పక్కావిడను అడిగాను.

"మార్తమ్మ గారండి. వంతు మారిందండి. ముగ్గురు కొడుకులు కదండి, నెలకొకళ్ళ ఇంట్లో ఉంటారు. బల్ల ఆదివారం రోజు ఈ కొడుకు తెచ్చి ఆ కొడుక్కి అప్పజెప్తాడు."

అప్పజెప్తాడు! కన్నతల్లిని చర్చి ఆవరణలో, పదిమంది చూస్తుండగా, దిండుతో సహా అప్పజెప్పడం! నాకు కావలసిన లోటు దొరికింది. మీ దగ్గర దాచడం ఎందుకు, లోపల కాస్త సంతోషం కూడా వేసింది.

ఆ తర్వాత ముగ్గురు కొడుకుల ఇళ్ళకూ వెళ్ళాను. పెద్దబ్బాయి యేసుదాసు గారు ఆ ఊళ్ళోనే ఉంటారు, చేపల చెరువుంది. రెండో ఆయన దానియేలు గారికి కైకలూరులో రొయ్యల మేత అమ్మే షాపు. మూడో ఆయన ప్రకాశరావు మాస్టారు మా తాడేపల్లిగూడెంలోనే స్కూల్లో పనిచేస్తారు. ముగ్గుర్నీ ఒకటే ప్రశ్న అడిగాను. ఈ వంతులు ఎవరు పెట్టారండీ అని.

"నేనేనండి. ఇంటికి పెద్దవాణ్ణి కదండి" అన్నారు యేసుదాసు గారు ఛాతీ విరుచుకుని.

"అన్నయ్యకేం తెలుసండి? అయిడియా నాదండి" అన్నారు దానియేలు గారు మేత బస్తాల మధ్య నుంచి.

"ముగ్గురం కూర్చుని, చర్చించి, ఒక నిర్ణయానికొచ్చామండి" అన్నారు మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ.

ముగ్గురూ మూడు రకాలుగా చెబుతున్నారంటే ఇందులో ఏదో మతలబు ఉందని మీకు ఇప్పుడే తోచి ఉంటుంది. నాకు తోచలేదు. తల్లి విషయంలో నిర్ణయమంతా మగవాళ్ళదే అని రాసుకుని, కింద గీత కూడా గీశాను.

మార్తమ్మ గారిని కూడా అడిగాను. అడగలేదని రేపు ఎవరూ అనకూడదు.

"ఇల్లు మారినప్పుడల్లా బాధగా ఉంటుందా అండీ?"

"ఆయ్, ఉంటదండి."

"ఎక్కడండీ?" అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని, ఆవిడకు దారి చూపిస్తున్నట్టు.

"నడుం దగ్గరండి. ప్రకాశం బండి సీటు గట్టిదండి."

"ఏడుపొస్తుందా?"

"ఆయ్. గట్టు మీద దుమ్ము కళ్ళల్లో పడతాది కదండి."

నా కళ్ళు చెమర్చాయి. పాపం, కడుపులో ఎంత దుఃఖం ఉంటే దాన్ని దుమ్ము కింద దాచుకుంటోందో అనుకున్నాను. దుమ్మేనండీ. వట్టి దుమ్ము. అక్కడికి బస్సులో వెళ్ళినా అదే దుమ్ము.

కొన్నాళ్ళకు ఆ చర్చి పాస్టరు, అక్కడ అయ్యగారంటారు, ఫోన్ చేశారు. "వచ్చే బల్ల ఆదివారం మా సంఘంలో పెద్దలకు సన్మానం పెట్టుకున్నామండి. మీరు పెద్దల మీదే చదువుతున్నారు కదా, నాలుగు మంచి మాటలు చెప్పాలి."

నాలుగు చెప్పి దిగిపోయి ఉంటే ఈ జ్ఞాపకం ఉండేది కాదు. నేను నాలుగు వందలకు తయారై వెళ్ళాను.

చర్చి నిండా జనం. ముందు వరసలో పెద్దవాళ్ళందరికీ కుర్చీలు వేశారు. వాళ్ళలో మార్తమ్మ గారు విసనకర్ర ఊపుకుంటూ కూర్చున్నారు. ఆవిడ ముగ్గురు కొడుకులూ కోడళ్ళూ వెనక ఉన్నారు. నేను మైకు పట్టుకున్నాను.

"పేర్లు చెప్పను. పరిశోధనలో గోప్యత చాలా ముఖ్యం" అని మొదలుపెట్టాను. "కొల్లేటి అంచున ఒకానొక గ్రామం. అక్కడ ముగ్గురు కొడుకుల తల్లి. ఆవిడను శ్రీమతి ఎం అని పిలుచుకుందాం."

కొల్లేటి అంచున ఒకానొక గ్రామం గురించి ఆ ఒకానొక గ్రామంలోనే నిలబడి మాట్లాడుతున్నాననే ఇంగితం నాకు లేదు. ఊళ్ళో నెలనెలా వంతులు మారే తల్లి ఆవిడ ఒక్కతే.

"ఆ తల్లికి ఒక ఇల్లంటూ లేదు. నెల తిరిగేసరికి ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి! మా గూడెంలో ఉల్లిపాయల బస్తాలు ఒక లారీలోంచి ఇంకో లారీలోకి మారుస్తారు. కన్నతల్లి ఉల్లిపాయల బస్తానా?"

ముందు వరసలో మార్తమ్మ గారు పక్కావిడ వైపు వంగి, చెవుడున్నవాళ్ళు మాట్లాడేంత గట్టిగా అడిగారు. "ఎవరే ఆవిడ, పాపం?"

"నువ్వే కదే మార్తా!" అంది పక్కావిడ అంతకంటే గట్టిగా.

విసనకర్ర ఆగిపోయింది. చర్చిలో తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి ముగ్గురు అన్నదమ్ములను చూశాయి. అక్కడైనా ఆగాలి కదా నేను! మాట తగిలింది, లోపలికి దిగుతోంది అనుకున్నాను. గొంతు ఇంకా పెంచాను. చివర్లో వణికించాను కూడా.

యేసుదాసు గారు లేచారు. భోరున ఏడుస్తూ ముందుకొచ్చారు. "అయ్యగారూ, ఆ మైకు ఒకసారి ఇప్పించండి" అన్నారు.

"ప్రభువు ముందు, సంఘం ముందు మాటిస్తున్నానండి. మా అమ్మ ఇక నా ఇంట్లోంచి బయల్దేరి ఏ తమ్ముడి బండీ ఎక్కదు. ఇది నా మొక్కుబడి."

"స్తోత్రం!" అంది చర్చి అంతా. అయ్యగారు ఆ మాట మీద ప్రార్థన చేశారు. తమ్ముళ్ళిద్దరూ తల వంచుకున్నారు. మార్తమ్మ గారు నోరు తెరిచి కొడుకు వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నారు. ఆవిడకు ఆనందంతో మాట రావడం లేదనుకున్నాను. నాకు శాలువా కప్పారు.

ఇంటికి వస్తూనే మా గైడు గారికి ఫోన్ చేశాను.

"సార్, నా పరిశోధన వల్ల ఒక కుటుంబం మారిపోయింది సార్!"

"ఏం చేశావమ్మా?" అన్నారాయన, పాలగిన్నె కింద పడ్డ చప్పుడు విన్న మనిషిలా.

ఆయనకు ముందే అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకో బల్ల ఆదివారం దాకా పట్టింది.

ఆ ఆదివారం, నేను చేసిన మేలు ఎంతవరకు కాసిందో చూసుకుందామని మంచి చీర కట్టుకుని మరీ వెళ్ళాను. చర్చిలో ముగ్గురు అన్నదమ్ములూ మూడు మూలల్లో కూర్చున్నారు. తప్పు నీదంటే నీదని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఆరాధన అవుతూనే దానియేలు గారి భార్య సువార్త నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఏవండీ, మా కాపురం కూల్చారు కదండీ!"

"నేనా?" అన్నాను.

"మా ఆయనకు తాగుడు అలవాటండి. అత్తయ్య గారున్న నెల సీసా ముట్టుకోడు. ఆవిడ వచ్చే ముందు నెల భయానికి మానేస్తాడు. వెళ్ళిన నెల సిగ్గుకి మానేస్తాడు. అలా ఏడాదంతా గడిచిపోయేదండి. ఇక అమ్మ రాదని తెలిసిందో లేదో, షాపు మూసేసి మళ్ళీ మొదలెట్టాడండి. నేనేం చెయ్యనండీ ఇప్పుడు?"

నా దగ్గరున్న ప్రశ్నల్లో తాగుడు గురించిన ప్రశ్నే లేదు. అక్కడి నుంచి తిన్నగా యేసుదాసు గారి ఇంటికి పరుగెత్తాను. అరుగు మీద ఆయన భార్య రూతమ్మ నీరసంగా కూర్చుని ఉంది.

"మీరేనా అండీ! రండి. మీ పుణ్యమా అని మా అత్తగారికీ నాకూ మాటలైపోయాయండి."

"గొడవ పడ్డారా?"

"గొడవేం లేదండి. చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ కైకలూరు కబుర్లు, గూడెం కబుర్లు తెచ్చేవారు. నెలంతా సరిపోయేవి. ఇప్పుడు ఇద్దరం ఒకే గోడ చూస్తున్నాం. మీ మాటల దెబ్బకి ఈయన అమ్మని చీపురుపుల్ల ఎత్తనివ్వడు. ఉప్పు కారం తగ్గించాడు. పొద్దునా సాయంత్రం ఓట్సండి! చేపల చెరువు పెట్టుకుని ఓట్సు!"

లోపల గదిలో మార్తమ్మ గారు మంచం మీద, రెండు దిళ్ళ మధ్య, ఫ్యాను కింద ఉన్నారు. నన్ను చూసి లేచి కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. గోదావరి జిల్లాల మర్యాద తెలుసు కదా మీకు, అది తిట్టు కంటే లోతుగా దిగుతుంది.

"అమ్మాయి గారూ, దయచేయండి. నన్ను ఉద్ధరించారు కదా, చూసుకుపోదామని వచ్చారాండి?"

"అది కాదండీ..."

"ఆ వంతులు ఎవరు పెట్టారనుకున్నారండి?"

"మీ అబ్బాయిలే చెప్పారండీ, వాళ్ళే అని."

"చెప్తారండి. మగపిల్లలు కదండి, అమ్మ పెట్టిందంటే నలుగురిలో చిన్నతనం. మా ఆయన పోయిన ఏడు ముగ్గుర్నీ కూర్చోబెట్టి నేను పెట్టానండి. ఒకళ్ళ ఇంట్లోనే ఉండిపోయాననుకోండి, ఏడాదికి పాత సామానైపోతాను. నెలకొకళ్ళ ఇంటికి వెళ్తే చుట్టాన్నండి. వెళ్ళిన రోజు కొర్రమీను పులుసు. వచ్చేసే రోజు 'అప్పుడే వెళ్ళిపోతారా అత్తయ్యా' అని బతిమలాడడం. ఒక కోడలి వంట గురించి ఇంకో కోడలి దగ్గర మెచ్చుకుంటానండి. దాంతో వంట ఎక్కడా తగ్గదు. ఏడాదంతా నాకు రాజభోగమండి. మీరొచ్చి ఉల్లిపాయల బస్తా అన్నారు."

ఇన్నాళ్ళూ నేను బాధితురాలు అని రాసుకున్న మనిషి మూడు కొంపలను పిడికిట్లో పెట్టుకుని నడిపిస్తోంది! నేను చేసిందల్లా ఆవిడను గద్దె దింపడం.

"మరి నేను అడిగినప్పుడు చెప్పలేదేంటండీ?"

"మీరు బాధుందా, ఏడుపుందా అని అడిగారు గానీ, ఎవరు పెట్టారని నన్ను అడిగారాండి?"

అడగలేదు. ముగ్గురు మగవాళ్ళనూ అడిగాను, ఆవిడను అడగలేదు. నాకు ఆ మంచం కిందే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

"మైకులో కట్టారు నన్ను. మైకులోనే విప్పండి" అన్నారు మార్తమ్మ గారు.

సాయంకాలం స్త్రీల కూడిక ఉంది, మగవాళ్ళు కూడా వస్తారు. అయ్యగారి కాళ్ళా వేళ్ళా పడి మైకు సంపాదించాను. నేను పొరబడ్డానని, వంతులు మార్తమ్మ గారే పెట్టుకున్నారని, అవి చాలా మంచివని, మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాను. జనం మొహాలు చూసుకున్నారు. పోయినసారి ఏడిపించిన మనిషి ఈసారి తిరగేసి చెబుతోందేమిటని వెనకెవరో సణిగారు. యేసుదాసు గారు లేచి, చేతులు జోడించి, శాంతంగా అన్నారు.

"మీరు నన్ను పరీక్షిస్తున్నారండి. నేను పడిపోనండి. దేవుడి ముందిచ్చిన మాట. నా ఇంట్లోంచి మా అమ్మ ఏ తమ్ముడి బండీ ఎక్కదు."

"స్తోత్రం!" అంది జనం మళ్ళీ. ఈసారి నా గుండె చెరువులో రాయిలా మునిగిపోయింది.

అయ్యగారు తల గోక్కున్నారు. "మొక్కుబడి మొక్కుబడేనండి. ప్రార్థన కూడా చేసేశాం" అన్నారు. సువార్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దానియేలు గారు గోడకానుకుని నేల చూపులు చూస్తున్నారు. ఇదంతా నా నోటి చలవే కదా అనిపించి, నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఈసారి గొంతు వణికించాల్సిన అవసరం లేకుండానే వణికింది.

అప్పుడు మార్తమ్మ గారు ముందు వరసలోంచి లేచారు.

"పెద్దోడా, నీ మొక్కుబడి ఏంటో మళ్ళీ చెప్పు."

"నా ఇంట్లోంచి నువ్వు ఏ తమ్ముడి బండీ ఎక్కవమ్మా."

"ఎక్కనురా. నీ మాట పోనిస్తానా? ఈ అమ్మాయి గారు నీకు తమ్ముడా?"

"కాదమ్మా."

"ఆవిడ బండి ఎక్కొచ్చా?"

యేసుదాసు గారు అయ్యగారి వైపు చూశారు. అయ్యగారు పైకి చూశారు. అభ్యంతరమేమీ కనిపించలేదు కాబోలు, "ఎక్కవచ్చును" అన్నారు.

"అయితే నేను అమ్మాయి గారింటికి ఏలూరు వెళ్తాను. అక్కణ్ణుంచి ఏ బండి ఎక్కినా నీ ఇంట్లోంచి ఎక్కినట్టు కాదు కదా. రూతూ, నా సంచి తెచ్చి ఈవిడకివ్వు."

"నా బండా?" అన్నాను. ఈలోగా సంచి, దిండు, మందుల డబ్బా నా స్కూటీ దగ్గరకు వచ్చేశాయి. ఆవిడ వెనకెక్కి నా భుజం పట్టుకున్నారు. "సీటు మెత్తగా ఉందండి. పోనివ్వండి" అన్నారు.

దారి పొడవునా నాకు ఒకటే దడ. మేం కోమట్లం. మా ఇంట్లో ఉల్లిపాయ వేగితేనే ఏకాదశి కాదు కదా అని చూసుకునే అత్తగారు. చెప్పాపెట్టకుండా ఒక మనిషిని దిండుతో సహా తెస్తే ఏమంటారో! గుమ్మంలో అత్తయ్య గారు ఎదురయ్యారు. నన్ను చూశారు, దిండును చూశారు, మార్తమ్మ గారిని చూశారు.

"అత్తయ్యా, ఈవిడ... నా పరిశోధన..." అన్నాను.

"పరిశోధన దుమ్మునపడి వచ్చింది, మజ్జిగ ఇవ్వు ముందు" అన్నారావిడ, సంచి అందుకుంటూ.

ఆ రాత్రి వంకాయ కూర, పప్పుచారు. మార్తమ్మ గారు కంచం చుట్టూ చూశారు. "చేప..." అన్నారు మెల్లిగా.

"మేం తినమండీ."

"ఎండు చేపయినా?"

"అదీ తినమండీ."

ఆవిడ మొహంలో మా కుటుంబం మీద నిజమైన జాలి కనిపించింది. నా జీవితంలో నేను ఎవరినీ అంత జాలిగా చూసి ఉండను, జాలిపడడమే నా వృత్తి అయి ఉండి కూడా.

తర్వాత అంతా వాన వెలిసినట్టు సర్దుకుంది. ముందు దానియేలు గారు వచ్చారు, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. తల్లి ఆయన్ను గుమ్మంలోనే నిలబెట్టి "ఊదు" అన్నారు. ఊదాక బండి ఎక్కారు. నెల గడిచాక కైకలూరు నుంచి గూడెం, గూడెం నుంచి మళ్ళీ పెద్దకొడుకు ఊరు. అక్కణ్ణుంచి బయల్దేరాలంటే మాత్రం మొక్కుబడి అడ్డం కనుక, నేనే వెళ్ళి ఎక్కించుకురావాలి. ఆవిడ మా ఇంట్లో నాలుగు రోజులుండి, మా అత్తగారితో కబుర్లు చెప్పుకుని, అప్పుడు కైకలూరు బండెక్కేవారు. అన్నదమ్ములు మళ్ళీ ఒక్క బెంచీ మీద కూర్చున్నారు. సువార్త నాకు ఫోన్లో "ఉంటానండి" అని మర్యాదగా అనేదాకా వచ్చింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

ఆ నాలుగు రోజుల కబుర్లు దేని గురించో నేను వినలేదండీ. వినాల్సింది.

ఒక ఉదయం లేచి వచ్చేసరికి అత్తయ్య గారు పట్టుచీర కట్టుకుని, హాల్లో సంచి పక్కన కూర్చుని ఉన్నారు.

"ఎక్కడికండీ?"

"అత్తిలి. అమ్మాయి ఇంటికి. ఈ నెల అక్కడ. వచ్చే నెల గూడెంలో మా చెల్లెలింటికి. ఆ తర్వాత నెల ఇక్కడికి. వంతులు పెట్టుకున్నాను."

"వంతులా! మీకిక్కడ ఏం లోటయిందండీ?"

"లోటేం లేదమ్మా. మార్తమ్మ గారు చెప్పారు, ఒకే చోట ఉంటే పాత సామానైపోతామని. ఆలోచిస్తే నిజమే అనిపించింది. మొన్న నీకు జ్వరమా అని అడిగితే, నువ్వు ల్యాప్‌టాప్ చూస్తూ 'ఆ గిన్నె అక్కడ పెట్టండి' అన్నావు."

"అయ్యో! మరి అక్కడ మిమ్మల్ని ఎవరు చూసుకుంటారండీ?" అన్నాను. నా సబ్జెక్టు కదా, ఆ ప్రశ్న దానంతట అదే వచ్చేసింది.

ఆవిడ నా తల నిమిరారు. "నన్నా? నా బెంగంతా మిమ్మల్ని ఎవరు చూసుకుంటారా అనమ్మా" అని ఆటో ఎక్కేశారు.

ఇంట్లో పెద్దవాళ్ళు కుటుంబం మీద ఆధారపడతారని, ఉదాహరణకు మా ఇల్లే చూడమని నేను అప్పటికే ఒక అధ్యాయం రాసి గైడు గారికి ఇచ్చేశాను. ఆవిడ వెళ్ళిన రోజు పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. మా పెద్దబాబు యూనిఫాం ఎక్కడుంటుందని అడిగితే బీరువా తెరిచి నేను కూడా వెతికాను. మా ఆయన కొట్టు నుంచి భోజనానికి వచ్చి, ఖాళీ బల్ల చూసి, ఏమీ అనకుండా పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని కూర్చున్నారు. పప్పు ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు, నాకు తెలియదు. ఆధారపడిన మనుషులెవరో లెక్క తేల్చుకుని ఆ అధ్యాయం వెనక్కి తెచ్చుకున్నాను.

మూడోరోజుకే అత్తిలికి ఫోన్ చేశాను. "అత్తయ్యా, వచ్చేయండి. మీరు లేకపోతే నా వల్ల కావడం లేదు. పిల్లలు బెంగపెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను." అది వట్టి మాట కాదండీ, ఫోన్ పట్టుకునే ఏడ్చాను.

అవతల ఆడపడుచు ఏదో వడ్డిస్తున్న చప్పుడు. అత్తయ్య గారు తీరిగ్గా నమిలి, మింగి, అన్నారు.

"ఏడవకమ్మా రమా. నీ వంతు వచ్చినప్పుడు వస్తాను కదా."

అందుచేత చదువరుల సమక్షంలో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట డెబ్బై దాటిన ఏ ఆడమనిషినీ ఆవిడ నోటితో అడగకుండా ఉద్ధరించను. ఏ సంఘంలోనైనా, ఏ సభలోనైనా మైకు ఇస్తే వందన సమర్పణ చేసి దిగిపోతాను. ఇద్దరు పెద్దవాళ్ళు మా వరండాలో గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, ఎంత పనున్నా వదిలేసి వెళ్ళి మధ్యలో కూర్చుంటాను. ఈ ప్రమాణాన్ని ఇంకా వివరంగా రాయాలనే ఉంది గానీ, స్టవ్వు మీద ఏదో మాడుతోంది. ఈ నెల అత్తిలి వాళ్ళ వంతు.